అగ్గిపెట్టె లేకుండా మూడు ఊళ్ళు

వియ్యపురాలితో పందెం కాయకూడదని మా అమ్మ నాకు చెప్పలేదు. వియ్యపురాలింటికి వట్టి చేతులతో వెళ్ళొద్దని చెప్పింది, అక్కడ రెండోసారి అన్నం అడగొద్దని చెప్పింది. పందెం సంగతి ఆవిడకి తట్టి ఉండదు.

నాది పాలకొల్లు. ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. మా అమ్మాయి స్వాతిని వనపర్తి అబ్బాయికిచ్చాం. వాళ్ళు హైదరాబాదులో ఉంటారు, ఆరేళ్ళ కూతురు మిన్ను. అల్లుడి తల్లి బాలమణి వనపర్తిలోనే ఉంటుంది. అంగన్‌వాడీలో పాతికేళ్ళు పిల్లల చేత పద్యాలు చెప్పించి రిటైరైంది కాబట్టి ఎదుటివాళ్ళందరూ మూడేళ్ళ పిల్లలనే ఆవిడ నమ్మకం.

జనవరిలో మిన్ను పుట్టినరోజుకి అందరం కలిశాం. కొవ్వొత్తి వెలిగిద్దామంటే అగ్గిపెట్టె కనపడలేదు. ఆ వెతుకులాటలో నేను నోరు జారాను. "అగ్గిపెట్టె ఎందుకు? నాకో నూలు గుడ్డముక్క చాలు, నిప్పు పుట్టిస్తాను" అన్నాను.

అది అబద్ధం కాదు. ఫోనులో ఎవరో గడ్డమాయన అడవిలో కూర్చుని చేస్తుంటే చూసి, మా పెరట్లో నేనూ చేశాను. నూలు గుడ్డముక్కల్ని చిన్న రేకు డబ్బాలో పెట్టి, మూతకి మేకుతో ఒక చిల్లు పొడిచి, బొగ్గుల మీద ఉంచాలి. లోపలికి గాలి అందదు కాబట్టి గుడ్డ మండదు, మాడుతుంది. చిల్లులోంచి పొగ ఆగిపోయాక దించి, చల్లారనిచ్చి తీస్తే లోపల నల్లటి మెత్తటి గుడ్డ ఉంటుంది. నేను దానికి బొగ్గుగుడ్డ అని పేరు పెట్టుకున్నాను. రాయి మీద ఉక్కు కొట్టినప్పుడు రాలే రవ్వ ఒక్కటి దాని మీద పడితే చాలు, మంట లేకుండా ఎర్రగా రాజుకుంటుంది. దాన్ని ఎండు పీచులో చుట్టి ఊదితే మంట వస్తుంది. కుట్టుపని చేసేదాన్ని, నాకు గుడ్డముక్కలకు కరువా? ఉక్కుకి విరిగిపోయిన నా పాత కత్తెర రెక్క ఉండనే ఉంది.

బాలమణి నడుం మీద చెయ్యి పెట్టింది. "నీ ఊర్ల ఎవరైన చేస్తరు వదినె. మా పాలమూరుకొచ్చి, మా దిక్కు గుడ్డతోని, ఆరుబయట ముట్టియ్యి. అప్పుడు ఒప్పుకుంట."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆ గదిలో మా ఇద్దరికీ అసలు తగువొకటి ఉంది. మే నెల సెలవుల్లో మిన్ను ఎవరి దగ్గర ఉండాలి? కిందటేడు పదిహేనేసి రోజులు పంచుకుంటే ఇద్దరికీ ఆకలి తీరలేదు. అందుకని మే నెల మొత్తాన్నీ పందెంలో పెట్టేశాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు చోట్ల మూడుసార్లు. గుడ్డ మాడ్చడానికి ఎవరి పొయ్యి అయినా వాడుకోవచ్చు. మంట మాత్రం అగ్గిపుల్ల, లైటరు లేకుండా పుట్టాలి. ఒక్కసారి అంటుకున్నా గెలుపు నాది. స్వాతి నెత్తి కొట్టుకుంది. అల్లుడు వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాడు.

గద్వాల

ఫిబ్రవరి రెండోవారంలో గద్వాలలో దిగేసరికి బాలమణి ముందే వచ్చి ఒక హోటల్లో కూర్చుని ఉంది. నా కోసం ఉగ్గాని చెప్పి ఉంచింది. బొరుగుల్ని, అదే మన మరమరాల్ని, నీళ్ళలో తడిపి, పిండి, పోపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. మా గోదావరి వైపు పొద్దున్నే బొరుగులు తినమంటే జ్వరమొచ్చిందా అని అడుగుతారు. ఇక్కడ జనం బారులు తీరారు. నేను రెండు ప్లేట్లు తిన్నాను, బజ్జీ మిరపకాయ చేసిన అన్యాయానికి నాలుగు గ్లాసుల నీళ్ళు తాగాను.

"ఏంది వదినె, అప్పుడే నోట్ల అగ్గి ముట్టిందా?" అంది బాలమణి.

ఇక్కడో మాట. మా వైపు వియ్యపురాలిని 'మీరు' అనకపోతే పెళ్ళినాటి మర్యాదలన్నీ మంటగలిసినట్టే. నేను ఆవిడని 'మీరు, వదినగారూ' అంటాను. ఆవిడ నన్ను మొదటి రోజు నుంచీ 'నువ్వు' అంటుంది. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత తెలిసింది, ఆవిడ బ్యాంకు మేనేజర్ని కూడా నువ్వే అంటుందని.

గద్వాల అంటే చీరలు కదా. నూలు ఒళ్ళు, పట్టు అంచు. బాలమణికి తెలిసిన నేతగాడు నర్సింహులు ఇంటికి వెళ్ళాం. గుమ్మంలో వాళ్ళమ్మ చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి "ఊట ఆయ్తా?" అంది ఆప్యాయంగా.

ఊట గురించి అడిగితే గోదావరి మనిషి ఊరుకుంటుందా? "ఆహా, మా ఊళ్ళో ఎక్కడ తవ్వినా ఊటేనండి. రెండు మూరలు తవ్వితే నీళ్ళు" అన్నాను.

ముసలావిడ నోరు తెరిచింది. బాలమణి గోడ పట్టుకుని నవ్వింది. "ఆమె రాయచూరు పిల్ల, కన్నడం! తిన్నవా అని అడుగుతుంది వదినె."

నర్సింహులు మగ్గం గుంటలో కూర్చుని ఆవపిండి రంగు చీర నేస్తున్నాడు. నేను వచ్చిన పని చెప్పాను. మగ్గం మీద అతని పాదాలు ఆగిపోయాయి.

"కట్టుకునేటందుకు బట్ట అడిగినోళ్లను చూసిన. పెండ్లి పెట్టుబడికి అడిగినోళ్లను చూసిన. కాలవెట్టేటందుకు అడిగిన మనిషిని నిన్నే చూస్తున్ననమ్మ" అన్నాడు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అతని భార్య పద్మ లోపల్నుంచి వచ్చి, "కాలిస్తె ఏమైతదో మనం గూడ చూద్దాం తియ్యి. జానెడు ముక్కే గదా" అని, రంగు పరీక్షకి నేసిన నూలు ముక్క ఒకటి వెతికి తెచ్చింది. నర్సింహులు దాన్ని వెంటనే ఇవ్వలేదు. ముందు ఒక పట్టు దారం తీసి పుల్ల మంటకి చూపించాడు. జుట్టు కాలిన వాసన వచ్చింది, కొసన నల్లటి పూస కట్టింది. తర్వాత నూలు దారం చూపించాడు. కాగితం కాలిన వాసన వచ్చి, బూడిద రాలింది. "నీకు పనికొచ్చేది గిది" అని నా చేతిలో పెట్టాడు. అప్పటికి నేనూ, ఆ ముక్కా ఇద్దరం అతని శిష్యులమైపోయాం.

పెరట్లో పద్మ పొయ్యి మీద డబ్బా పెట్టాను. చిల్లులోంచి పొగ సన్నగా, తెల్లగా లేచింది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. పొగ ఆగింది. డబ్బా దించాను. అందరూ నా వైపే చూస్తున్నారు. ఇలాంటప్పుడు మనిషికి చిన్న వీరావేశం వస్తుంది. చల్లారే దాకా ఆగాలని తెలిసి కూడా, కొంగుతో పట్టుకుని మూత తీశాను.

లోపల వేడి, బయట గాలి. నర్సింహులు నేసిన ఆవపిండి రంగు గుడ్డ గుప్పున ఎర్రబడి, చూస్తుండగానే బూడిదైపోయింది. ఊదాల్సిన పని కూడా లేకుండా పోయింది.

ముందు పద్మ నవ్వింది. తర్వాత అత్తగారు కన్నడంలో ఏదో అంది. దాని అర్థం అడగలేదు. నర్సింహులు మాత్రం నవ్వలేదు. "మగ్గం కాడ తొందరపడితే పోగు తెగుతదమ్మ. నీ డబ్బ కాడ గూడ అదే లెక్క" అని వెళ్ళి మళ్ళీ గుంటలో కూర్చున్నాడు.

ఆ సిగ్గు తట్టుకోలేక మగ్గం మీద నుంచి అప్పుడే దిగిన చీర ఒకటి కొన్నాను. ధర విన్నాక కూడా బేరమాడలేదు. బయటికొచ్చాక బాలమణి అంది, "జానెడు గుడ్డకు ఆరు గజాల జుర్మానా! బాగ కొట్టింది నీ పందెం."

వనపర్తి

బాలమణి ఇల్లు వనపర్తిలో. ఆ సాయంత్రం జొన్నరొట్టెలు చేసింది. పీట మీద పిండిముద్ద పెట్టి అరచేత్తో తడుతుంటే అది తిరుగుతూ పెద్దదవుతుంది. చూస్తే పిల్లల ఆటలా ఉంది. నేనూ చేస్తానన్నాను. నా రొట్టె సగం దాకా వచ్చి, వేసవిలో చెరువు అడుగు పగిలినట్టు పగిలింది. బాలమణి ఆ ముక్కల్ని పెనం మీదికి ఏరి వేసి, "నువ్వు గుడ్డలు కాల్చుకో పో" అంది.

రొట్టెతో పల్లీల పచ్చడి, అన్నంలోకి పచ్చిపులుసు. చింతపండు పులుసులో పచ్చి ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ పిసికి, పొయ్యి ఎక్కించకుండానే తెచ్చి పోస్తారు. మా వైపు కాచని చారు పోస్తే వంట మర్చిపోయారనుకుంటాం. నేను అన్నం మూడుసార్లు వడ్డించుకున్నాను.

గుడ్డ సంగతి సాయంత్రమే చూసుకున్నాం. బజార్లో ఒక చిన్న బట్టల కొట్టాయన తెల్ల నూలు థాను విప్పి, జోగులాంబ తల్లి మీద ఒట్టు పెట్టి, "నూటికి నూరు పాళ్ళు నూలమ్మా" అన్నాడు. అర మీటరు కొన్నాను. వేళ్ళతో నలిపి చూశాను, నూలే. ఇంటికొచ్చాక బాలమణి ఎన్నడూ లేనంత ప్రేమగా, "అలసిపోయినవు వదినె, జర నడుం వాల్చు. ముక్కలు నేను కోసి డబ్బల పెడ్త" అంది. నేను మురిసిపోయాను. ఎనిమిదేళ్ళ వియ్యంలో ఆవిడ నన్ను పడుకోమనడం అదే మొదటిసారి.

పొద్దున్నే ఖిల్లా ఘణపూర్ వెళ్ళాం. కోట కొండ మీద ఉంది. ఎక్కుతుంటే మోకాళ్ళు నా పేరు పెట్టి తిట్టాయి. సగం దూరంలో బండల చాటున గాలి తగలని చోటు చూసుకుని, తెచ్చుకున్న పిడకల్ని కింద ఊళ్ళో అడిగి తెచ్చిన నిప్పుకణికలతో రాజేసి, డబ్బా వాటి మీద పెట్టాను. కింద ఊరు, చుట్టూ పల్లీ చేలు. ఈసారి తొందర పడకూడదని చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను.

పొగ వచ్చింది. తెల్లగా కాదు, నల్లగా. వాసన కాగితం వాసన కాదు, బకెట్టు కాలినట్టుంది. బాలమణి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "మీ నూలు గిట్లనే కంపు కొడ్తదా?" అంది అమాయకంగా.

చల్లారాక తీస్తే డబ్బా అడుగున గట్టి నల్లటి ముద్ద. కత్తెర రెక్కతో గీకితే పెచ్చులు లేచాయి. రవ్వలు కొట్టి చూశాను. రాయి అరిగింది, నా బొటనవేలు తోలు లేచింది, ముద్ద మాత్రం నన్ను చూస్తూ కూర్చుంది.

కోపంతో దిగడం ఎక్కడం కంటే సులువు. నేరుగా ఆ కొట్టుకెళ్ళి ముద్దని గల్లా మీద పెట్టాను. "ఇదేనా నీ నూలు? అమ్మవారి మీద ఒట్టేశావు!"

కొట్టాయన కంగారు పడలేదు. థానులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించాడు. కాగితం వాసన వచ్చి, బూడిద రాలింది. తర్వాత నా ముద్దని గోటితో మీటాడు. "కాలితే ముద్దయ్యేది టెర్లినమ్మా. నా దుకాణంల తెల్లది ఈ థాను ఒక్కటే ఉంది. గిది నాది గాదు. ఒట్టు నిజమే ఏసిన."

నేను బాలమణి వైపు తిరిగాను. ఆవిడ ఆ కొట్టు పైకప్పులో ఫ్యాను ఎన్ని రెక్కలతో తిరుగుతోందో చాలా శ్రద్ధగా పరిశీలిస్తోంది.

అప్పుడు అర్థమైంది. కోసిన ముక్క ఒక్కటి నా వేళ్ళకి తగిలి ఉంటే కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని అది ఏ గుడ్డో. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అందుకే నన్ను పడుకోబెట్టింది. కొట్టాయనకి క్షమాపణ చెప్పుకుని బయటపడ్డాను. బాలమణిని ఒక్క మాట అనలేదు. మంచితనం కాదు. పక్కన కిరాణా కొట్లో ఆవిడ వక్కపొడి కొంటుంటే, నేను వెనక నుంచి ఒక అగ్గిపెట్టె కొన్నాను. ముప్పై ఏళ్ళు ఊరందరికీ జాకెట్లు కుట్టినదాన్ని, నా జాకెట్టుకి లోపలి జేబు పెట్టుకోనా? అగ్గిపెట్టె అందులోకి వెళ్ళింది. మోసానికి మోసం. మిన్ను మే నెలలో పాలకొల్లులోనే ఉండాలి.

నాగర్‌కర్నూల్

మూడో రోజు నాగర్‌కర్నూల్‌లో గుడ్డ బాధ్యత నేనే తీసుకున్నాను. బాలమణి అడ్డు చెప్పలేదు. నిన్నటి నుంచి ఆవిడ చాలా మెత్తగా మాట్లాడుతోంది. అది ఇంకా భయంగా ఉంది.

రోడ్డు పక్కన వేపచెట్టు కింద ఒక ఇస్త్రీ బండి కనపడింది. అరవై దాటిన మనిషి, పేరు యాకోబు. బండికి శిలువ బొమ్మ, బొగ్గుల ఇస్త్రీ పెట్టె. నేను సంగతి చెప్పగానే ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, బండి కింది అర లాగి, ఒక పాత తెల్ల పంచె తీశాడు.

"ఇస్త్రీకిచ్చి పోయిండొకాయన. మూడేండ్లాయె, రాలే. నేను గూడ బొంబాయి పోయి తొమ్మిదేండ్లకొచ్చిన, గట్లనే ఎప్పుడన్న వస్తడేమోనని దాచిన. ఒక కొన చింపుకో. వస్తె ఎలుక కొట్టిందని చెప్త."

"అబద్ధం చెప్తారా?" అన్నాను.

"ఎలుక అని చెప్త. ఎంత ఎలుకో చెప్పను" అన్నాడు నన్ను ఎగాదిగా చూసి.

బొంబాయిలో పన్నెండంతస్తుల ఇళ్ళు కడుతున్నప్పుడు, అందరూ ఒకే పొయ్యి మీద వంతులవారీగా వండుకునేవాళ్ళట. "మన వంతొచ్చే వరకు నిప్పు మిగలాలె. బూడిద కప్పి కాపాడుకునేటోళ్లం. నిప్పు ముట్టించేటోని కంటె దాచేటోడే ఎక్కువ" అన్నాడు యాకోబు. అంటూనే మాసిన మసిగుడ్డతో ఇస్త్రీ పెట్టె మూత ఎత్తి, లోపల కణకణలాడే బొగ్గుల మీద నా డబ్బా కూర్చోబెట్టాడు. డబ్బా సరిగ్గా పట్టింది! ఇస్త్రీ పెట్టె ముక్కులోంచి తెల్లటి పొగ లేస్తుంటే, దారిన పోయేవాళ్ళు ఆగి ఎవరి చొక్కా కాలిందో చూసి మరీ వెళ్ళారు.

బాలమణి చెయ్యడానికేం లేదు. ముక్కలు నేనే కోశాను, నేనే పెట్టాను, నేనే కాపలా కాశాను. పొగ ఆగాక డబ్బా దించి, చిల్లులో పుల్ల గుచ్చి, మూత తియ్యకుండా రుమాలులో చుట్టి సంచిలో వేసుకున్నాను. ఆయనే మా ఇద్దరికీ టీ తెప్పించాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. "మంట లేస్తె జర నా పేరు చెప్పు" అన్నాడు.

ఆ ఊళ్ళోనే కొట్టి చూడొచ్చు. కానీ బాలమణి, "ఈ రోడ్ల దుమ్ముల వద్దు వదినె. కొల్లాపూర్ల నాకు తెలిసినోళ్లున్నరు, మామిడితోటల ముట్టియ్యి. నాగర్‌కర్నూల్ జిల్లనే గదా" అంది. ఇంకేం ఎత్తు వేసిందో అనుకుంటూ సరేనన్నాను. జేబులో అగ్గిపెట్టె ఉంది, నాకేం భయం?

కొల్లాపూర్

తోట నిండా పూత. ఆ వాసనకి తేనెటీగలకే కాదు, మనకీ మత్తొస్తుంది. తోట కావలి కాసే గురువమ్మ చెంచు మనిషి, నల్లమల అడవిలోని పెంట నుంచి (చెంచులు తమ గూడేన్ని అలా అంటారు) వచ్చి మొగుడితో కలిసి ఇక్కడ ఉంటోంది. పల్లీలు పీకే రోజుల్లో బాలమణి చేలో పనికి వచ్చేదట, అలా పరిచయం. సన్నగా, వెదురులా ఉంది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

మేము వెళ్ళేసరికే ఆకాశం ముఖం మాడ్చుకుంది. పది నిమిషాల్లో వాన. ఫిబ్రవరిలో అంత వాన ఎవరనుకుంటారు? రేకుల కొట్టంలోకి పరుగెత్తేలోపే ముగ్గురం తడిసి ముద్దయ్యాం. గురువమ్మ మాతో లోపలికి రాలేదు. చెట్ల మధ్యకి పరుగెత్తి, కాసేపటికి చేతుల్లో ఏదో పట్టుకుని వచ్చింది. వెనక మేక అరుస్తూ వస్తోంది. ఆ వానలోనే ఈనింది. పిల్ల బురదతో, జిగటతో గోధుమ రంగు గుడ్డలా వేలాడుతోంది. వణకడం కూడా సరిగ్గా చేతకావడం లేదు దానికి.

గురువమ్మ దాన్ని గోనెసంచితో రుద్దుతూ, "అగ్గి గావాలె. ఎచ్చ తగలకుంటె ఉండదిది" అంది.

"పొయ్యి ముట్టియ్యి మరి!" అంది బాలమణి.

"అగ్గిపెట్టె మా ఆయన అంగీ జేబులున్నది. ఆయన కొల్లాపూర్ పోయిండు."

నేను ఇంకేం ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే జాకెట్టులోకి పోయింది, అగ్గిపెట్టె బయటికి తీసింది. ఒక పుల్ల గీశాను. మందు మెత్తగా ఊడి పెట్టెకి ఎర్రటి చారలా అంటుకుంది. ఇంకోటి గీశాను. అన్నీ అంతే. చెమట కొంత, వాన కొంత, లోపలి జేబు నానిపోయింది.

తల ఎత్తేసరికి బాలమణి చూస్తోంది.

"వదినె. అగ్గిపెట్టె యాడిది?"

"టెర్లిన్ ఎక్కడిది?" అన్నాను.

కొట్టం మీద వాన దబదబా కొడుతోంది. ఆవిడ తల దించుకుంది. "నా పాత లంగ లైనింగు" అంది, అంగన్‌వాడీలో తప్పు ఒప్పుకునే పిల్లలా.

గురువమ్మకి మా కథ తెలీదు. కానీ స్వరం అర్థమైంది. "మీ పంచాయితి తర్వాత. పిల్ల సస్తుంది" అంది.

డబ్బా గుర్తొచ్చింది. రుమాలు విప్పి మూత తీశాను. యాకోబు పంచె ముక్కలు నల్లగా, ఒక్కటీ చెదరకుండా ఉన్నాయి. గురువమ్మ వాటిని చూసి ఒక్క క్షణం ఆగింది. "మా తాత గిట్లనే ముట్టిస్తుండె. గాయన బూరుగు దూది పెట్టేటోడు" అని, మేకపిల్లని బాలమణి ఒళ్ళో పడేసి, కొట్టం మూలనుంచి తెల్లటి పలుగురాయి ఒకటి తెచ్చిచ్చింది. పై దూలానికి కట్టిన కొబ్బరితాడు తెంపి పురి విప్పి పీచు చేసింది. చూరులో దాచిన ఎండు పుల్లలు లాగింది. ఇవన్నీ నేను కత్తెర రెక్క వెతుక్కునేలోపే.

రాయి అంచున బొగ్గుగుడ్డ పెట్టుకుని కొట్టాను. రవ్వలు వచ్చాయి, పక్కన పడ్డాయి. మళ్ళీ కొట్టాను. నిన్న తోలు లేచిన బొటనవేలే మళ్ళీ లేచింది. ఎన్నిసార్లో లెక్క తెలీదు. ఒక రవ్వ పడింది. గుడ్డ మీద ఆవగింజంత నారింజ చుక్క. అది ఆరలేదు, పాకింది. పీచులో మడిచి ఊదాను. పొగ వచ్చింది. ఇంకా ఊదాను. కొండ ఎక్కిన ఆయాసం ఇంకా మిగిలే ఉంది కాబోలు, ఊపిరి చాల్లేదు, కళ్ళు తిరిగాయి. పీచుని బాలమణి ముఖం ముందు పెట్టాను.

"ఊదు వదినా! ఊదు, ఆపకు!"

ఆవిడ మేకపిల్లని గుండెకి అదుముకుని, బుగ్గలు పొంగించి ఊదింది. పొగ చిక్కబడింది. మళ్ళీ ఊదింది. పీచు నడుమ నుంచి మంట నాలుక చాపింది. ఇద్దరం ఒకేసారి కేక పెట్టాం. మేక బెదిరి కొట్టం అవతలికి దూకింది.

పొయ్యి రాజుకున్నాక గురువమ్మ పిల్లని మంట పక్కన పెట్టి, దాని నోట్లో వేలు పెట్టి వేడి చూస్తూ, ఒళ్ళంతా రుద్దుతూ కూర్చుంది. చాలాసేపటికి అది తల ఎత్తింది. ఇంకాసేపటికి ముందు కాళ్ళు మడిచి, వెనక కాళ్ళు ముందు లేపి, పడి, మళ్ళీ లేచి తల్లి పొదుగు వెతుక్కుంటూ పోయింది. బాలమణి కళ్ళు తుడుచుకుని, "పొగ" అంది. నేనూ పొగే అన్నాను.

వాన వెలిసింది. గురువమ్మ అదే పొయ్యి మీద జొన్న గటక, అంటే జొన్న రవ్వ సంకటి, వండి, చిన్న ఎండుచేపలు నిప్పుల మీద కాల్చింది. కృష్ణ చేపలట. గోదావరి చేప ముందు ఏ చేపా చేప కాదని నేను ఎన్ని పెళ్ళిళ్ళలో వాదించానో. ఆ రోజు వాదించలేదు, ఎముకలు కూడా మిగల్చలేదు.

అప్పుడు మొదలైంది తగువు.

"నువ్వు గెలిచినవు వదినె. మే నెల్ల మిన్నును తీస్కపో" అంది బాలమణి.

"నేనెక్కడ గెలిచాను? మంట మీ ఊపిరితో వచ్చింది. పైగా నా దగ్గర అగ్గిపెట్టె దొరికింది. మీరే ఉంచుకోండి."

"గుడ్డ మార్చింది నేను!"

"అయితే ఏమైంది?"

నిన్నటి దాకా పిల్ల నాకంటే నాకని కొట్టుకున్నవాళ్ళం, నీకంటే నీకని గొంతులు లేపాం. గురువమ్మ చేపముల్లు తీసుకుంటూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మొత్తం కథ చెప్పించుకుంది. విన్నాక లేచి, వాకిట్లో నేల మీద తడిసి పరుచుకున్న మామిడి పూతని కాలితో కదిపింది. "సగం రాలింది. ఈసారి కాయ తక్కువనే" అంది మెల్లగా. మళ్ళీ మా వైపు తిరిగింది. "దొంగాట ఇద్దరాడిండ్రు. ఇద్దరికీ వద్దు. మే నెల్ల పిల్లను నా కాడికి తోలుండ్రి. ఒక్క పిల్లకు సరిపోయేటన్ని పండ్లు ఉంటయి."

నవ్వుతోందేమోనని చూశాను. నవ్వడం లేదు.

తిరుగు బస్సు

వనపర్తి బస్సెక్కాక మిన్నుకి వీడియో ఫోను చేసి మేకపిల్ల ఫొటోలు చూపించాం. తీర్పు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ పిల్ల నన్ను ఎలా ఉన్నావని అడగలేదు, బాలమణినీ అడగలేదు. "అది ఎవరింట్లో ఉంటుంది?" అంది.

"గురువమ్మ అని, కొల్లాపూర్లో" అన్నాను.

"అయితే సెలవులకి నేను అక్కడికే వెళ్తా" అని ఫోను వాళ్ళమ్మకిచ్చేసి ఆటకి పోయింది. స్వాతి అటునుంచి నవ్వుతూనే ఉంది. పండ్లు వచ్చాక పది రోజులు, పిల్లతో పాటు మేమిద్దరం కూడా వెళ్ళి కాపలా ఉండాలని షరతు పెట్టింది. కాపలా పిల్లకా, మాకా అని నేను అడగలేదు.

కండక్టరు వచ్చాడు. బాలమణి ఆధార్ కార్డు చూపించి, తెలంగాణ ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్టు తీసుకుంది. నా కార్డు మీద పాలకొల్లు చూసి అతను పెదవి విరిచాడు. "ఆంధ్ర కార్డు నడ్వదమ్మా" అన్నాడు. పర్సు తీశాను.

"మే నెల్ల ముగ్గురమొచ్చినా గింతే వదినె" అంది బాలమణి, కిటికీ పక్కన కాళ్ళు బారజాపి హాయిగా గాలి పీలుస్తూ. "నాకు జీరో, పిల్లకు జీరో. పైసలు నువ్వొక్కదానివే కట్టాలె."

నేను లేచి నిలబడి, "జరుగు వదినా" అన్నాను. ఎందుకని అడిగింది. టికెట్టు చూపించాను. ఆ బస్సులో మా ఇద్దరిలో డబ్బులు కట్టి కూర్చున్నదాన్ని నేను. కిటికీ సీటు నాది.